సెన్సర్లు బాగానే ఉన్నాయి, వైరే ఒరుసుకుపోయింది

మా కారు మూడు నెలల్లో పదకొండు సార్లు రోడ్డు మీద ఆగిపోయింది. మూడు సార్లు షెడ్డుకి తీసుకెళ్ళాం. మొదటిసారి ఒక సెన్సర్ మార్చారు, రెండోసారి ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీ విప్పి కడిగారు, మూడోసారి ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, పోయింది, మార్చాలంటే 38,000 అవుతుంది అన్నారు. అసలు సంగతి ఏమిటంటే రేడియేటర్ పక్కన ఒక సన్నటి వైరు మీద రెండు మిల్లీమీటర్ల మేర పైపొర అరిగిపోయింది, అంతే. ఆ వైరుని బాగు చేయడానికి రెండు వందలు కూడా కాలేదు, దాన్ని పట్టుకోవడానికి మాత్రం మూడు ఆదివారాలు పట్టింది. ఆ మూడు ఆదివారాలు ఏం చేశానో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇదే జబ్బుతో ఉన్న బండిని ఇంటి ముందు పెట్టుకొని ఈసీఎం కొనాలా, ఉన్న ధరకి అమ్మేయాలా అని ఆలోచిస్తున్న వాళ్ళు ఇప్పుడు కూడా ఎక్కడో ఉంటారు, వాళ్ళ డబ్బు మిగలాలి.

బండి 2014 మోడల్, పెట్రోలు, నాలుగు సిలిండర్లు, చిన్న కారు. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. మేముండేది హన్మకొండలో, నెలకి రెండుసార్లయినా హైదరాబాద్ వెళ్ళాలి, అందులో ఒకటి నాన్న కంటి పరీక్ష కోసం. మొదటిసారి ఆగింది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర. చాయ్ తాగి మళ్ళీ హైవే ఎక్కడానికి ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదులుతున్నాను, బండి ఒక అడుగు కదిలిందో లేదో టక్కున ఆగిపోయింది. క్లచ్ సరిగ్గా వదల్లేదేమో అనుకున్నాను. తాళం తిప్పితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అయింది. మళ్ళీ జనగామలో అదే. ఈసారి వెనక లారీ ఉంది, వాడు హారన్ కొడుతున్నాడు, పక్కన నాన్న, వెనక పిల్లలు, ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

నాన్న ఇరవై రెండేళ్ళు అంబాసిడర్ ట్యాక్సీ నడిపాడు. కాయిలు, పాయింట్లు, కండెన్సరు, కార్బురేటరు, అన్నీ ఆయన చేత్తో విప్పి బిగించినవే. ఇప్పటి బండ్ల గురించి నాకేం తెలుసురా అంటాడు గానీ ఆ రోజు ఆయన అన్న మాటే మొత్తం దారి చూపించింది. "పెట్రోలు అందక ఆగితే బండి దగ్గుతది, గుంజుతది, అప్పుడు ఆగుతది. ఇది అట్ల ఆగలేదు బిడ్డా, దీపం ఆర్పినట్టు ఆగింది. ఇది కరెంటు." నేను ఆ మాటని పట్టించుకోకుండా మర్నాడు షెడ్డుకి తీసుకెళ్ళాను.

షెడ్డు వాళ్ళని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ళ దగ్గర ఆ రోజు పది బండ్లు ఉన్నాయి, మా బండి వాళ్ళ దగ్గర ఉన్నంతసేపూ బాగానే నడిచింది. ఉండి ఉండి వచ్చే ఫాల్ట్‌తో అసలు కష్టం ఇదే, చూపిద్దామనుకున్నప్పుడు రాదు. వాళ్ళు ఈసీఎంలో పడ్డ లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టారు, అది మ్యాప్ సెన్సర్ (ఇంజిన్ పీల్చే గాలి ఒత్తిడి కొలిచేది) కోడ్ చూపించింది, మ్యాప్ సెన్సర్ మార్చారు. 2,400. నాలుగో రోజుకి బండి మళ్ళీ ఆగింది. రెండోసారి థ్రాటిల్ కోడ్ వచ్చింది, థ్రాటిల్ బాడీ కడిగారు. వారం తర్వాత మళ్ళీ ఆగింది. మూడోసారి ఇన్ని కోడ్లు ఒకేసారి వస్తున్నాయంటే ఈసీఎమ్మే పోయి ఉంటుంది అన్నారు. అక్కడ నేను ఆగిపోయాను. 38,000 పెట్టి ఈసీఎం వేశాక కూడా బండి ఆగితే అప్పుడేం చేయాలి అన్న ప్రశ్నకి ఎవరి దగ్గరా సమాధానం లేదు.

నేను మెకానిక్‌ని కాదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను, ఇప్పుడు చేసే ఉద్యోగానికీ దానికీ సంబంధం లేదు. వోల్టులు, ఓములు కొలిచే ఒక డిజిటల్ మీటరు ఉంది, ఫోనుకి బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ (బండి తన లోపాలని తనే పట్టుకొని కోడ్లుగా దాచే ఏర్పాటు) స్కానర్ ఏడు వందలు పెట్టి కొన్నాను. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకి ఓబీడీ 2 తప్పనిసరి అయింది కాబట్టి ఆ తర్వాత వచ్చిన బండ్లలో స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, స్కానర్ అందులో గుచ్చితే చాలు.

మొదటి ఆదివారం అంతా నేను తప్పుడు దారిలో పోయాను. బానెట్ ఎత్తగానే బ్యాటరీ వెనక పల్లీ పొట్టు, కొంచెం దూది కనిపించాయి. ఎలుకలు! వానాకాలంలో పార్కింగ్‌లో ఉన్న బండ్లలోకి ఎలుకలు ఎక్కి వైర్లు కొరికేయడం మా అపార్ట్‌మెంట్‌లో ఇదివరకే ఇద్దరికి జరిగింది. దొరికేసింది అనుకొని టార్చ్ పట్టుకొని నాలుగు గంటలు ఒక్కో వైరూ వెతికాను. ఎక్కడా పంటి గాటు లేదు. ఎలుక వచ్చింది నిజమే, తిని పోయింది, వైరు మాత్రం ముట్టుకోలేదు. కనిపించిన మొదటి ఆధారాన్ని పట్టుకొని రోజంతా వేలాడాను, అందుకే ఆ రోజు నాన్న అన్న మాట మళ్ళీ గుర్తు రావడానికి సాయంత్రం అయింది.

సాయంత్రం మీటరు తీశాను. ముందు బ్యాటరీ. బండి రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.3, ఇంజిన్ నడుస్తుంటే 14.1. అంటే బ్యాటరీ బాగుంది, డైనమో చార్జ్ చేస్తోంది. తర్వాత ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌ని ఇంజిన్‌కీ బాడీకీ కలిపే వైరు. ఇక్కడ ఒక విషయం కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. మీటరుని ఓముల్లో పెట్టి ఎర్త్ వైరు ఆ చివరా ఈ చివరా పట్టుకుంటే దాదాపు సున్నా చూపిస్తుంది, వైరు బాగుందని వదిలేస్తాం. కానీ మీటరు ఆ పరీక్ష కోసం వైరులోంచి పంపే కరెంటు చాలా తక్కువ, మిల్లీ ఆంపియర్ల లెక్క. లోపల పోగులన్నీ తెగిపోయి ఒక్క పోగు మిగిలినా ఆ కాస్త కరెంటు సులువుగా వెళ్ళిపోతుంది. సెల్ఫ్ మోటరు లాగేది వంద ఆంపియర్లకి పైనే. 150 ఆంపియర్లు పోతున్న చోట 0.01 ఓము అడ్డు ఉన్నా ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది, ఆ 0.01 ఓముని మామూలు మీటరు చూపించలేదు.

అందుకని ఎర్త్‌ని పని చేస్తుండగా చూడాలి. మీటరుని డీసీ 20 వోల్టుల్లో పెట్టి, నల్ల తీగని బ్యాటరీ నెగటివ్ మీద పెట్టాను, క్లాంప్ మీద కాదు, సీసం బొడిపె మీదే, ఎర్ర తీగని ఇంజిన్ బ్లాక్ మీద పెయింట్ లేని చోట అదిమి పట్టుకొని మా ఆవిడని సెల్ఫ్ కొట్టమన్నాను. 0.12 వోల్టులు వచ్చింది. ఎర్త్ పాడైతే ఇది సగం వోల్టు, ఒక వోల్టు దాకా పోతుంది. బాడీకి కూడా అలాగే చూశాను, ఇంకా తక్కువ. ఎర్త్ బాగుంది. మొదటి ఆదివారం అలా ముగిసింది. ఏం పాడైందో తెలియలేదు గానీ ఏం పాడవలేదో తెలిసింది.

మధ్యలో ఆ వారం మా ఆవిడ ఒక పని చేసింది, దానికి ఆమెకి ఎంత చెప్పినా తక్కువే. బండి ఆమె కూడా నడుపుతుంది. మొదటి నుంచీ ఆగిన ప్రతిసారీ ఫోనులో రాసి పెట్టుకుందట, ఏ రోజు, ఎక్కడ, ఏ గేరు, ఏసీ ఉందా లేదా, వాన పడుతోందా. నాకు చూపించింది. పదకొండులో తొమ్మిదిసార్లు ఫస్ట్ గేరులో బండి కదిలేటప్పుడు. రెండుసార్లు సెకండ్ గేరులో, రెండూ ఎత్తు ఎక్కుతూ గట్టిగా లాగినప్పుడు. ఏసీకీ వానకీ సంబంధం కనిపించలేదు. "రివర్స్‌లో ఒక్కసారి కూడా ఆగలేదు, చూశావా? రోజూ పార్కింగ్‌లోంచి రివర్స్‌లోనే కదా తీసేది" అంది.

ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముందుకి లాగేటప్పుడు ఆగుతుంది, వెనక్కి లాగేటప్పుడు ఆగదు. ఈ రెండింటికీ తేడా ఏమిటి? ఇంజిన్ బండి బాడీకి బిగించిన రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది. అడ్డంగా పెట్టిన ఇంజిన్ ముందు చక్రాలని ముందుకి తిప్పుతుంటే, ఆ ఎదురు బలానికి ఇంజిన్ పైభాగం డ్రైవర్ వైపుకి, కింది భాగం రేడియేటర్ వైపుకి ఒరుగుతుంది. రివర్స్‌లో సరిగ్గా దీనికి వ్యతిరేకం. అంటే ఇంజిన్ ఒక వైపుకి ఒరిగినప్పుడు మాత్రమే ఏదో వైరు ఒత్తుకుపోతోంది, లేదా సాగుతోంది. సెన్సరు పాడైతే దానికి ఏ గేరో తెలియదు కదా. ఈసీఎమ్‌కీ తెలియదు.

రెండో ఆదివారం కోడ్లతో మొదలుపెట్టాను. షెడ్డు వాళ్ళు చెరిపేసిన తర్వాత బండి రెండుసార్లు ఆగింది కాబట్టి కొత్తగా పడ్డవి ఉన్నాయి. పీ0107, మ్యాప్ సెన్సర్ వోల్టేజి తక్కువ. పీ0122, థ్రాటిల్ పొజిషన్ వోల్టేజి తక్కువ. పీ0532, ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సర్ వోల్టేజి తక్కువ. ఇవి కాక పెండింగ్‌లో, అంటే ఇంకా ఖాయం కాని కోడ్లలో, ఒకటి ఉంది, షెడ్డు వాళ్ళ కాగితం మీద లేనిది, పీ0641, సెన్సర్లకి ఇచ్చే రిఫరెన్స్ వోల్టేజి లైనులో లోపం.

కోడ్ అంటే ఫలానా పార్టు పాడైందన్న తీర్పు కాదు. ఈసీఎమ్ దగ్గరికి ఆ వైరులో వచ్చిన వోల్టేజి ఉండాల్సిన హద్దు దాటిందన్న కబురు మాత్రమే. సెన్సరు పాడైనా అదే కోడ్, వైరు తెగినా అదే కోడ్, కప్లరులో (వైరుని సెన్సరుకి కలిపే ప్లగ్గులో) పిన్ను వెనక్కి జారినా అదే. ఒక్క కోడ్ ఉంటే సెన్సర్ మీద అనుమానం పడటంలో అర్థం ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సెన్సర్లు ఒకే క్షణంలో చచ్చిపోవు. ఇంట్లో ఫ్యాను, లైటు, టీవీ ఒకేసారి ఆగితే మనం మూడింటినీ రిపేరుకి పంపం కదా, మెయిన్ దగ్గరికి వెళ్ళి చూస్తాం. ఇక్కడ కూడా ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటని చూడాలి.

ఆ ఉమ్మడి వస్తువు 5 వోల్టుల లైను. బ్యాటరీ వోల్టేజి పన్నెండుకీ పద్నాలుగున్నరకీ మధ్య మారుతూ ఉంటుంది కాబట్టి కొలిచే సెన్సర్లకి దాన్ని నేరుగా ఇవ్వరు. ఈసీఎం లోపల దాన్ని కచ్చితమైన 5 వోల్టులుగా చేసి బయటికి పంపుతుంది. ఇలాంటి సెన్సరుకి మూడు వైర్లు, ఒకటి ఈ 5 వోల్టులు, ఒకటి ఈసీఎమ్‌కి తిరిగి వెళ్ళే ఎర్త్, ఒకటి సిగ్నల్. వైరింగ్ డయాగ్రం సంపాదించి చూస్తే మా బండిలో ఒకే 5 వోల్టుల లైను ఈసీఎంలోంచి బయటికి వచ్చి, లూమ్‌లో (వైర్లన్నీ కలిపి చుట్టిన కట్టలో) ఒక చోట చీలి, మ్యాప్ సెన్సరుకి, థ్రాటిల్‌కి, ఏసీ ప్రెషర్ సెన్సరుకి వెళ్తోంది. నాలుగోది ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్. మా బండిలో అది హాల్ రకం, అంటే పని చేయడానికి బయటి నుంచి వోల్టేజి కావాల్సింది, దానికీ ఇదే లైను. క్రాంక్ సెన్సర్ నుంచి సిగ్నల్ ఆగిందంటే ఇంజిన్ తిరుగుతున్నట్టు ఈసీఎమ్‌కి తెలియదు, స్పార్క్ ఇవ్వదు, పెట్రోలు చల్లదు. దీపం ఆర్పినట్టు ఆగుతుంది. నాన్న చెప్పింది ఇదే.

ఈ లైనులో ఎక్కడ వైరు బాడీకి తగిలినా మొత్తం లైను సున్నాకి పడిపోతుంది. సాధారణంగా ఈసీఎంలో ఈ లైనుకి షార్ట్ నుంచి రక్షణ ఉంటుంది, తగలడం ఆగిపోగానే 5 వోల్టులు మళ్ళీ వచ్చేస్తాయి, అందుకే తాళం తిప్పితే బండి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది.

ఇప్పుడు దీన్ని కళ్ళతో చూడాలి. మ్యాప్ సెన్సర్ కప్లరు వెనక వైపు నుంచి, వైరు వెంట రబ్బరు సీలు పక్కగా సన్నటి గుండుసూది జాగ్రత్తగా దూర్చి దానికి మీటరు తగిలించాను. చాలామంది వైరు మధ్యలో సూది గుచ్చుతారు, దయచేసి అలా చేయకండి, ఆ చిల్లులోంచి నీరు వెళ్ళి ఆరు నెలలకి లోపల రాగి పచ్చబడిపోతుంది, అప్పుడు మనమే కొత్త ఫాల్ట్ పెట్టినట్టు. ఇంకో సంగతి, 5 వోల్టుల లైను మీద బల్బు ఉన్న టెస్ట్ లైటు పెట్టకూడదు. అది ఆ లైను ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు లాగి బాగున్న ఈసీఎమ్‌ని నిజంగానే పాడు చేయవచ్చు. అలాగే పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి అసలు వెళ్ళకూడదు.

తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్. మీటరులో 5.01. పదిహేను నిమిషాలు చూశాను, కదల్లేదు. అందిన చోటల్లా లూమ్ పట్టుకొని ఊపాను, కదల్లేదు. అప్పుడు ఇంజిన్ ఒరిగినట్టు చేయాలి అనిపించింది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి రాళ్ళు పెట్టి, నేను బండి ముందు నిలబడి ఒక లావు కర్రని ఇంజిన్ పైభాగానికి ఆనించి డ్రైవర్ వైపుకి నెట్టాను. మీటరు నాన్న చేతిలో ఉంది. మొదటి నెట్టుకి ఏమీ కాలేదు. రెండోసారి గట్టిగా నెట్టాను. "పడిపోయింది, సున్నా, సున్నా అయింది" అని అరిచాడు నాన్న. కర్ర వదిలితే 5.01. నెడితే 0.03. మూడు నెలలుగా ఎవరికీ కనిపించని ఫాల్ట్ ఇప్పుడు మేము రమ్మంటే వస్తోంది, పొమ్మంటే పోతోంది. ఆ ఆనందం ఎలా చెప్పాలో నాకు తెలియదు. నాన్న నన్ను పక్కకి జరిపి తను నెట్టాడు, డెబ్బై రెండేళ్ళ మనిషి, నాలుగుసార్లు నెట్టి నాలుగుసార్లూ మీటరు చూసుకున్నాడు.

ఇక ఆ లైను చీలిన ఏ కొమ్మలో తప్పు ఉందో తేల్చాలి. ఇంజిన్‌ని నెట్టి పెట్టి ఒక్కో సెన్సరు కప్లరు ఊడదీస్తూ వచ్చాం. ఏదైనా ఒకటి తీయగానే 5 వోల్టులు తిరిగి వస్తే ఆ సెన్సరే లోపల షార్ట్ అయిందని అర్థం. మీటరుని థ్రాటిల్ కప్లరుకి మార్చి మ్యాప్ తీశాం, సున్నానే. క్రాంక్ తీశాం, సున్నానే. ఏసీ ప్రెషర్ సెన్సర్ తీశాం, సున్నానే. చివరికి థ్రాటిల్ కప్లరు కూడా ఊడదీసి వైరు వైపు చూశాం, అప్పుడూ సున్నానే. నాలుగూ ఊడదీసినా లైను లేవలేదు. అంటే సెన్సర్లన్నీ బాగున్నాయి, మేము 2,400 పెట్టి మార్చిన పాత మ్యాప్ సెన్సరుతో సహా. తప్పు వైరులో ఉంది. చీకటి పడింది, అక్కడితో ఆపేశాం.

మూడో ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశాను, తర్వాత ఈసీఎం కప్లరు ఊడదీశాను. నాలుగు సెన్సర్ల కప్లర్లు కూడా విప్పే ఉన్నాయి. అంటే ఇప్పుడా 5 వోల్టుల వైరు ఏ వైపూ దేనికీ తగలకుండా ఒంటరిగా ఉండాలి. మీటరుని బీప్ వచ్చే కంటిన్యుటీ మోడ్‌లో పెట్టి, ఒక తీగ ఈసీఎం కప్లరులో ఆ పిన్ను వెనకకి, ఇంకోటి బాడీకి. బీప్ వస్తే వైరు బాడీకి తగిలినట్టు. ఈ పద్ధతిలో గొప్ప సౌకర్యం ఏమిటంటే మీటరు వైపు చూడక్కర్లేదు, రెండు చేతులూ, కళ్ళూ లూమ్ మీదే పెట్టొచ్చు, చెవులు చాలు. పైగా తాళం ఆఫ్, బ్యాటరీ లేదు కాబట్టి రేడియేటర్ ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుందన్న భయం కూడా లేదు, చేయి లోపలికి పెట్టే ముందు అది చాలా ముఖ్యం.

ఈసీఎం దగ్గర నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు చొప్పున లూమ్‌ని నొక్కుతూ, వంచుతూ కిందికి వచ్చాను. బ్యాటరీ ట్రే దాకా చప్పుడు లేదు. థ్రాటిల్ కొమ్మ, మ్యాప్ కొమ్మ, క్రాంక్ కొమ్మ, దేంట్లోనూ లేదు. ఇక మిగిలింది ఏసీ ప్రెషర్ సెన్సర్ కొమ్మ, అది బ్యాటరీ ట్రే కింద నుంచి దిగి రేడియేటర్ పక్కగా ఏసీ కండెన్సర్ దగ్గరికి వెళ్తుంది. నా చేయి అక్కడి దాకా దూరలేదు, మోచేయి ఏసీ కంప్రెసర్ నుంచి వచ్చే లావు రబ్బరు గొట్టానికి తగిలింది. బీప్. చేయి తీశాను, ఆగింది. గొట్టాన్ని ముందుకి నొక్కాను. బీప్.

బంపరు విప్పి చూస్తే కథంతా కళ్ళ ముందే ఉంది. రెండేళ్ళ కిందట బంపరుకి దెబ్బ తగిలి ఒక చోట పని చేయించాం. అప్పుడు ఆ వైరు కొమ్మని ట్రేకి పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉంటుంది, మళ్ళీ పెట్టలేదు. వైరు జారి గొట్టానికీ రేడియేటర్ బ్రాకెట్ అంచుకీ మధ్యలో పడింది. కంప్రెసర్ ఇంజిన్‌కి కింద, ముందు వైపు బిగించి ఉంటుంది, బండి ముందుకి లాగినప్పుడల్లా ఇంజిన్ కింది భాగంతో పాటు ఆ గొట్టం కూడా ముందుకి వచ్చి వైరుని రేకు అంచు మీద ఒరిపించింది. రెండేళ్ళు. ముందు వైర్ల పైన ఉన్న స్లీవ్ తెగింది, తర్వాత టేపు, తర్వాత వైరు పైపొర. మరి ఇప్పుడే ఎందుకు బయటపడిందంటే ఇంజిన్ కింది మౌంటు రబ్బరు చిరిగిపోయి ఉంది, ఇంజిన్ ఇదివరకటి కంటే ఎక్కువ ఊగుతోంది. ఏసీ వేసినా వేయకపోయినా ఆ వైరులో 5 వోల్టులు ఉంటాయి కాబట్టి ఏసీతో సంబంధం లేకుండా ఆగేది. బండిని ఆపేస్తున్నది ఏసీ గ్యాస్ కొలిచే సెన్సరు వైరు అని ఎవరు అనుకుంటారు?

స్లీవ్ చీల్చి చూస్తే బూడిద రంగు మీద ఎర్ర గీత ఉన్న వైరు, దాని మీద రెండు మిల్లీమీటర్ల మేర రాగి బయటపడి పచ్చగా మారి ఉంది. పక్కనున్న రెండు వైర్లు గీసుకున్నాయి గానీ పైపొర తెగలేదు. ఉత్తి టేపు చుట్టి వదిలేయడానికి మనసు ఒప్పలేదు. పచ్చబడిన ముక్క మూడు సెంటీమీటర్లు కత్తిరించేసి, అదే మందం కొత్త ముక్క వేసి, రెండు చివర్లా క్రింప్ చేసి (లోహపు ముక్కలో పెట్టి నొక్కి బిగించి), లోపల గమ్ ఉండే హీట్ ష్రింక్ స్లీవ్ వేడి చేసి దించాను. సోల్డరింగ్ చేయొచ్చు కదా అని నాన్న అడిగాడు. కదలని చోట అయితే చేసేవాడిని. ఈ చోట రోజంతా అదురుతుంది, సీసం వైరు పోగుల్లోకి పాకి గట్టిపడుతుంది, ఆ గట్టి భాగం అయిపోయే చోట కొన్నాళ్ళకి వైరు విరుగుతుంది. టేపు కూడా మామూలు పీవీసీ టేపు వాడలేదు, ఇంజిన్ వేడికి అది జిగురు కారిపోయి ఊడి వస్తుంది. లూమ్‌కి చుట్టే గుడ్డ టేపు ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది, అది వాడాను. కొత్త స్లీవ్, కొత్త క్లిప్పు, వైరుని గొట్టానికి నాలుగు వేళ్ళ దూరంలో పైనుంచి తిప్పి కట్టాను. గీసుకున్న రెండు వైర్లకి కూడా విడివిడిగా చుట్టాను. మౌంటు మాత్రం మర్నాడు షెడ్డులో మార్పించాను, 1,800. ఆ మౌంటు అలాగే వదిలేసి ఉంటే ఇంకో చోట ఇంకో వైరు ఒరుసుకునేది.

అన్నీ తిరిగి తగిలించి, ఇంజిన్‌ని మళ్ళీ కర్రతో నెట్టాను. 5.01. ఎంత నెట్టినా 5.01. కోడ్లు చెరిపేశాను.

తర్వాతి శనివారం నాన్న కంటి డాక్టరు దగ్గరికి బయలుదేరాం. ఫోనులో స్కానర్ యాప్ తెరిచి, ఇంజిన్ ఆర్పీయమ్, మ్యాప్ రీడింగ్ కనిపించేలా పెట్టి నాన్న చేతికి ఇచ్చాను. స్టేషన్ ఘన్‌పూర్‌లో అదే చాయ్ కొట్టు దగ్గర ఆపాం. చాయ్ తాగి, ఫస్ట్ గేరులో కదిలి, ఆపి, మళ్ళీ కదిలి, అలా కావాలనే ఆరేడు సార్లు చేశాను, ఎత్తు ఉన్న వైపు కూడా తిప్పి గట్టిగా లాగాను. నాన్న అంకెల మీద నుంచి చూపు తిప్పలేదు. జనగామ దాకా అలాగే పట్టుకొని కూర్చున్నాడు, జనగామ దాటాక ఫోను డ్యాష్‌బోర్డు మీద పెట్టేసి, సీటు వెనక్కి వాల్చుకొని పడుకున్నాడు.